ఆకు పసరుకు అగ్నిపరీక్షలు

కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీద, ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో ఉన్న బెల్లంపల్లిని బయటివారు బొగ్గు ఊరుగానే ఎరుగుదురు. అయితే బొగ్గు బాయిల గేట్లు, క్వార్టర్ల వరుసలు, మట్టి కుప్పలు దాటిన కొద్ది దూరానికే తిర్యాణి గుట్టలు, కవ్వాల్ వైపు సాగే టేకు అడవులు మొదలవుతాయి. గోండులు, కొలాములు, నాయకపోడ్లు తరతరాలుగా ఆకూ బెరడూ వేరూ తెచ్చుకునే ఈ ప్రాంతపు అడవుల్లో పొడపత్రి తీగ, వేగిస చెట్టు, ఉసిరి, నేరేడు పెరుగుతాయి. ఈ నాలుగూ మధుమేహానికి మందుగా దేశమంతటా పేరుపడ్డవే. అడవి ఒక పక్క, బొగ్గు బెల్టు ఒక పక్క ఉన్న ఊళ్లలో ఇటువంటి మందుల పేర్లు కార్మిక వాడలకు చేరడానికి ఎక్కువ కాలం పట్టదు, పైగా ఆ వాడల్లో వాటికి గిరాకీ పెరగడానికి తగిన కారణాలూ ఉన్నాయి.

తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన రోజుల్లో కార్మికుడి ఒళ్లు వంచిన పనిని చాలావరకు యంత్రాలు తీసుకున్నాయి, కానీ రాత్రి షిఫ్టు మాత్రం అలాగే మిగిలింది. వేళలు మారుతూ పనిచేసేవారిలో నిద్ర, ఆకలి, ఇన్సులిన్ స్రావం, ఈ మూడింటినీ నడిపే శరీర గడియారం గాడి తప్పుతుంది. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి 2015లో వెలువడిన ఒక విశ్లేషణ, షిఫ్టుల్లో పనిచేసేవారికి మధుమేహం వచ్చే అవకాశం మిగతావారికంటే సుమారు 9 శాతం ఎక్కువని లెక్కకట్టింది. ఇది బొగ్గు గనులకే పరిమితమైన అంకె కాదు, అంత పెద్ద అంకె కూడా కాదు. అయితే దేశం మొత్తంలో మధుమేహమే అంత విస్తారంగా ఉన్నప్పుడు చిన్న పెరుగుదల కూడా చాలా ఇళ్లను తాకుతుంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో అచ్చయినప్పుడు, పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి, అంటే పది కోట్ల మందికి పైగా, మధుమేహం ఉందని తేలింది. ఇంతమందికి రోజూ మాత్రలు, కొందరికి సూదులు అవసరమైన దేశంలో, పక్క గుట్ట మీద మందు దొరుకుతుందన్న మాటకు ఎంత ఆకర్షణ ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆ మాట నిజమా అబద్ధమా అని ఒక్క ముక్కలో అడిగితే విజ్ఞాన శాస్త్రం దగ్గర జవాబు లేదు. ఏ మొక్క, ఆ మొక్కలో ఏ భాగం, దేనిలో నానబెట్టి తీసిన సారం, ఎంత మోతాదు, ఎవరికి, ఎంతకాలం, దేనితో పోల్చి, ఇన్ని ప్రశ్నలకు వేరువేరుగా జవాబు రాబట్టిన తరువాతే మొదటి ప్రశ్నకు అర్థం ఏర్పడుతుంది. మొక్కల మందుల మీద మన దేశంలో జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఈ వరుసలోని మొదటి రెండు మూడు మెట్ల దగ్గరే ఆగిపోయిందన్నది ఈ అధ్యాయం చెప్పదలచిన సంగతి.

సారం అంటే ఏది?

పరగడుపున తీసిన రక్తంలో డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, అంతకు పైన గ్లూకోజు ఉండి, మరో రోజు చూసినా అలాగే ఉంటే దాన్ని మధుమేహంగా లెక్కిస్తారు. మొదటి రకంలో క్లోమ గ్రంథిలోని బీటా కణాలు, అంటే ఇన్సులిన్‌ను తయారుచేసే కణాలు, నాశనమవుతాయి. పెద్దల్లో ఎక్కువగా కనిపించే రెండో రకంలో ఇన్సులిన్ ఉన్నా కండరాలు, కాలేయం దాని మాట వినవు, ఏళ్లు గడిచేకొద్దీ బీటా కణాలూ అలసిపోతాయి. అందువల్ల ఒక మొక్క సారం చక్కెరను తగ్గించే దారులు చాలా ఉన్నాయి: పేగులో పిండిపదార్థం అరిగే వేగాన్ని తగ్గించవచ్చు, బీటా కణాన్ని ప్రేరేపించవచ్చు, కాలేయం గ్లూకోజును విడుదల చేయకుండా ఆపవచ్చు, మూత్రం గుండా గ్లూకోజును బయటికి పంపవచ్చు. ఆకలి చంపి, తినే తిండినే తగ్గించవచ్చు కూడా. కొన్ని పరిశోధనల్లో కనిపించిన మేలుకు ఇదే అసలు కారణమై ఉండే అవకాశాన్ని పరిశోధకులు తేలిగ్గా తోసిపుచ్చలేరు.

పని మొదలయ్యేది ప్రయోగశాలలో కాదు, అడవిలో. సేకరించిన కొమ్మను పువ్వుతో, కాయతో సహా నొక్కి ఆరబెట్టి, అట్టకు అంటించి, సేకరించిన చోటు, తేదీ రాసి, వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించిన తరువాత హెర్బేరియంలో, అంటే ఎండిన మొక్కల భండారంలో, ఒక సంఖ్యతో భద్రపరుస్తారు. ఈ నమూనా లేని పరిశోధనను ఇరవై ఏళ్ల తరువాత ఎవరూ సరిచూడలేరు. ఒకే తీగ ఆకుల్లో కూడా వానకాలానికీ ఎండాకాలానికీ, లేత ఆకుకూ ముదురాకుకూ రసాయనాల పాళ్లు మారుతాయి కాబట్టి తేదీ కూడా లాంఛనం కాదు.

నీడన ఎండబెట్టి దంచిన ఆకు పొడిని మందపాటి వడపోత కాగితంతో చేసిన గొట్టంలో కూరి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో నిలబెడతారు. కింద గుండ్రటి కుప్పెలో మెథనాల్ మరుగుతుంది. దాని ఆవిరి పక్క గొట్టంలోంచి పైకి పోయి, చల్లని నీరు పారే గాజు గొట్టం దగ్గర చల్లబడి, బొట్టు బొట్టుగా పొడి మీద పడుతుంది. పొడి ఉన్న గాజు గది నిండగానే పక్కనున్న సన్నని వంపు గొట్టం ఆ ఆకుపచ్చ ద్రవాన్ని ఒక్కసారిగా కిందికి లాగేస్తుంది. మళ్లీ మరుగుడు, మళ్లీ బొట్లు. గంటల తరబడి ఈ చక్రం తిరిగి, దిగే ద్రవంలో రంగు పోయాక, మెథనాల్‌ను తక్కువ పీడనంలో ఆవిరి చేస్తే కుప్పె అడుగున నల్లటి ఆకుపచ్చ జిగురు మిగులుతుంది. పరిశోధనా పత్రాల్లో సారం అని రాసేది ఈ జిగురునే. వంద గ్రాముల పొడి నుంచి పదో పన్నెండో గ్రాముల జిగురు వస్తే అది సాధారణమైన దిగుబడి.

మెథనాల్‌కు బదులు హెక్సేన్ వాడితే నూనెలు, మైనాలు దిగుతాయి. నీళ్లు వాడితే చక్కెరలు, జిగుళ్లు, టానిన్లు దిగుతాయి. పల్లెలో కాచేది నీటి కషాయం, ప్రయోగశాలలో పరీక్షించేది చాలాసార్లు మెథనాల్ సారం. రెండో దానికి వచ్చిన ఫలితాన్ని మొదటి దానికి ఆపాదించి, పెద్దల మాటను శాస్త్రం నిరూపించిందని రాయడం ఈ రంగంలో ఎంత మామూలో అంత తప్పు.

గాజు గొట్టంలో గెలుపు

సారం చేతికొచ్చాక సాధారణంగా మొదట జరిగేది ఎంజైము పరీక్ష. అన్నంలోని పిండిపదార్థం చివరకు గ్లూకోజుగా విడిపోవాలంటే చిన్నపేగు గోడల మీద ఉండే ఆల్ఫా గ్లూకోసిడేజ్ అనే ఎంజైము పనిచేయాలి. దాన్ని కొంత అడ్డుకుంటే భోజనం తరువాత చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఆసుపత్రుల్లో వాడే అకార్బోస్ మాత్ర ఈ పనే చేస్తుంది, ఆ మందు ఒక మట్టి సూక్ష్మజీవి నుంచి వచ్చింది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఈ రకం అడ్డుకట్టల కోసం మొక్కల రసాయనాలను జల్లెడ పట్టే పని చాలాకాలం సాగింది. ఆ సంస్థకు చెందిన అశోక్ కుమార్ తివారి, జె. మధుసూదనరావు 2002లో కరెంట్ సైన్స్ పత్రికలో రాసిన సమీక్ష, మొక్కల రసాయనాలు మధుమేహాన్ని ఒక్క దారిన కాక అనేక దారుల్లో తాకగలవన్న సంగతిని విపులంగా చర్చించింది.

ఈ పరీక్ష చౌక, వేగం, రంగు మార్పును బట్టి ఫలితం చెప్పే వెసులుబాటు కలది. అందుకే దీనిలో మోసపోయే వీలూ ఎక్కువ. చాలా కళాశాలల్లో వాడే ఎంజైము ఈస్టు నుంచి తీసినది, పేగుది కాదు. మనిషి పేగులో బలంగా పనిచేసే అకార్బోస్ ఈస్టు ఎంజైము మీద బలహీనంగా కనిపిస్తుంది, కాబట్టి ఏదో ఒక ఆకు సారం అకార్బోస్ కంటే ఎన్నో రెట్లు మెరుగని వచ్చే ఫలితంలో ఆకు గొప్పతనం కన్నా పరీక్ష లోపం ఎక్కువ ఉండవచ్చు. మరో చిక్కు టానిన్లది: కరక్కాయకు, ఉసిరికి వగరునిచ్చే ఈ పదార్థాలు దొరికిన ప్రతి ప్రొటీనుకూ అతుక్కుపోయే స్వభావం కలవి, ఎంజైము కూడా ప్రొటీనే. వగరున్న ప్రతి సారమూ గాజు గొట్టంలో గెలుస్తుంది. పేగులో మాత్రం అది ముందు తిండిలోని ప్రొటీన్లకే అతుక్కుంటుంది.

ఎలుక ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

1943లో గ్లాస్గోలో డన్, షీహన్, మెక్‌లెచీ అనే ముగ్గురు, మూత్రపిండాల మీద వేరే పరిశోధన చేస్తూ, అలాక్సాన్ అనే రసాయనం బీటా కణాలను ఎంచి చంపుతుందని కనుగొన్నారు. ఆ తరువాత రెండు దశాబ్దాలకు స్ట్రెప్టోజోటోసిన్ అనే మరో విషానికీ ఇదే గుణం ఉందని తెలిసింది. ఈ రెండింటిలో ఒకటి ఎక్కించిన ఎలుకకు కొద్ది రోజుల్లో చక్కెర విపరీతంగా పెరుగుతుంది. గుంపుకు ఆరు ఎలుకలు చొప్పున ఒక గుంపుకు నీళ్లు, ఒక గుంపుకు గ్లిబెంక్లమైడ్ అనే పాత మధుమేహ మాత్ర, మిగతా గుంపులకు రెండు మూడు మోతాదుల్లో సారం తాగించి, రెండు మూడు వారాలు తోక నుంచి నెత్తురు బొట్టు తీసి కొలవడం మన విశ్వవిద్యాలయాల్లో స్థిరపడిన పద్ధతి. ఇటువంటి ప్రయోగానికి జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతి ఉండాలి.

తెలుగు నేల మీద ఈ పద్ధతిలో జరిగిన పనికి కొదవ లేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చి. అప్పారావు బృందం రాయలసీమ వాసులు కూరగా వండుకునే కాసరకాయ పొడి అలాక్సాన్ ఎలుకల్లో చక్కెరను, కొవ్వులను తగ్గించిందని 1999లో జర్నల్ ఆఫ్ ఎథ్నోఫార్మకాలజీలో ప్రకటించింది. 2001లో శేషాచలం అడవుల ఎర్రచందనం బెరడు మీద, మొగి గింజల మీద అదే బృందం ఫలితాలు వచ్చాయి. వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం ఔషధ శాస్త్రజ్ఞుల భాగస్వామ్యంతో కుందేటి కొమ్ముల మొక్క మీద జరిగిన పని 2003లో వెలువడింది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞుడు టి. పుల్లయ్య సహరచయితతో కలిసి దేశంలోని మధుమేహ నివారక మొక్కలన్నిటినీ ఒకచోట చేర్చి అదే సంవత్సరం పుస్తకమే తెచ్చారు. స్థానిక వృక్షజాలం తెలిసినవారు స్థానిక వాడుకను ఆధారం చేసుకుని ఎంచిన మొక్కలు కావడం ఈ పరిశోధనల బలం. వీటిలో ఏదీ ఆ తరువాత ఆసుపత్రి ఔషధంగా మారలేదు.

బడ్జెట్లు చాలలేదు, కంపెనీలు ముందుకు రాలేదు అన్న సమాధానాలు కొంతవరకు నిజమే. అయితే లోపం పద్ధతిలోనూ ఉంది. అలాక్సాన్ ఎలుక బీటా కణాలు ఉన్నపళంగా కాలిపోయిన జంతువు. బొగ్గు బెల్టులో యాభై ఏళ్ల వయసులో, నడుము చుట్టూ కొవ్వు పేరుకుని, ఇన్సులిన్ ఉండీ పనిచేయక ఆసుపత్రికి వచ్చే మనిషి జబ్బు అది కాదు. పైగా అలాక్సాన్ మోతాదు కాస్త తగ్గితే కొన్ని ఎలుకలు ఏ మందూ లేకుండానే కోలుకుంటాయి.

వేగిస చెట్టు ఈ విషయంలో కనువిప్పు కలిగించే ఉదాహరణ. దాని బెరడులో దొరికే ఎపికాటెచిన్ అనే పదార్థం ఎలుకల క్లోమంలో చచ్చిన బీటా కణాలను తిరిగి పుట్టించిందని 1980ల ఆరంభంలో భారతీయ శాస్త్రజ్ఞులు లాన్సెట్‌లో ప్రకటించినప్పుడు ప్రపంచమంతా చెవులు రిక్కించింది. నిజమైతే అది మధుమేహానికి మందు కాదు, విరుగుడు. కొద్దికాలానికే విదేశాల్లో రెండు బృందాలు విడివిడిగా ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూశాయి. ఒక బృందం సహజంగానే మధుమేహం వచ్చే జాతి ఎలుకలకు ఇచ్చి చూసింది, మరొకటి అమెరికాలో అలాక్సాన్ ఎలుకల మీదే చూసి 1983లో ప్రకటించింది. జబ్బు వెనక్కి తగ్గలేదు. విషం ఎక్కించే సమయానికి ఒంట్లో ఉన్న పదార్థం ఆ విషాన్నే విరిచి కణాలను కాపాడవచ్చు. అది చచ్చిన కణాలను బతికించడం కాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియాలంటే మందు ఎప్పుడు ఇచ్చారన్నది, ముందా తరువాతా, పత్రంలో స్పష్టంగా ఉండాలి. వేగిసకు బీటా కణాలను పుట్టించే శక్తి ఉందని నేటికీ కరపత్రాల్లో కనిపిస్తూనే ఉంటుంది. 1983 నాటి ఫలితం ఆ కరపత్రాల దాకా ప్రయాణించలేదు.

ఎలుకను తెలివిగా వాడుకున్న పరిశోధనలూ ఉన్నాయి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం చక్కెరను తగ్గించడమనే ప్రశ్నను పక్కనబెట్టి, ఎక్కువ చక్కెర కంటి కటకాన్ని మసకబార్చే క్రమాన్ని పసుపు, ఉసిరి ఆపగలవా అని అడిగింది. స్ట్రెప్టోజోటోసిన్ ఎలుకల ఆహారంలో పసుపు, దానిలోని కర్కుమిన్ కలిపినప్పుడు రక్తంలో చక్కెర తగ్గలేదు గాని శుక్లం ఆలస్యమైందని 2005లో తేలింది. అంతకు ముందు 2003లో గెలాక్టోజ్ ఎలుకలతో చేసిన ప్రయోగం మరీ ఆసక్తికరం: ఆహారంలో 0.002 శాతం కర్కుమిన్ శుక్లాన్ని నెమ్మదింపజేసింది, 0.01 శాతం ఇచ్చిన గుంపులో శుక్లం ముదరడం మరింత వేగంగా జరిగింది. వంటింటి వస్తువే కదా, ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న లెక్క ఇక్కడ తలకిందులైంది.

మోతాదు సంగతి ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. ఎలుకల పత్రాల్లో కిలో బరువుకు 500 మిల్లీగ్రాముల సారం అన్నది తరచుగా కనిపించే మోతాదు. శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఎలుక మోతాదును మనిషికి మార్చడానికి దాన్ని 6.2తో భాగించడం ఔషధ శాస్త్రంలో ఒప్పుకున్న సూత్రం. అలా చూస్తే కిలోకు సుమారు 80 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి రోజుకు 4.8 గ్రాముల జిగురు కావాలి. పొడిలో పదో వంతు సారమే దిగుతుందనుకుంటే అది దాదాపు 48 గ్రాముల ఎండు ఆకు. పొద్దున్నే రెండు ఆకులు నమిలే అలవాటుకూ, ఆ ఎలుక ప్రయోగానికీ మధ్య ఉన్న దూరం ఈ లెక్క వేస్తే తప్ప కనిపించదు, దాన్ని వేసి చూపే పత్రాలు అరుదు.

మెంతులు మనుషుల దాకా వచ్చిన తీరు

తెలుగు దేశంలో మధుమేహం మొక్కల పరీక్ష మనుషుల దాకా, అదీ పద్ధతి ప్రకారం, వచ్చిన ఉదాహరణ అడవి మూలికది కాదు, పోపుల పెట్టెలోని మెంతులది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆరంభించిన చిన్న పరిశోధనా కేంద్రం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. అక్కడ ఆర్.డి. శర్మ 1986లో మెంతి గింజలు, ఆకులు మనుషుల్లో చక్కెర మీద, ఇన్సులిన్ మీద చూపే ప్రభావాన్ని ప్రకటించారు. ఆ తరువాత టి.సి. రఘురామ్ తదితరులతో కలిసి రెండు రకాల మధుమేహ రోగుల్లోనూ పరీక్షలు చేసి 1990లో ఫలితాలు వెల్లడించారు.

మొదటి రకం మధుమేహం ఉన్నవారితో చేసిన పరీక్ష అమరికను గమనించాలి. ప్రతి వ్యక్తికీ పది రోజులు మెంతులు కలిపిన భోజనం, పది రోజులు మెంతులు లేని భోజనం పెట్టారు. రెండింటిలోనూ కెలోరీలు సమానం. ఏది ముందు, ఏది తరువాత అన్నది చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ప్రతి మనిషీ తనకు తానే పోలిక అయ్యే ఈ ఏర్పాటులో, తిండి తగ్గడం వల్లనే చక్కెర తగ్గిందేమో అన్న అనుమానానికి చోటు మిగలదు. నూనె తీసేసిన మెంతి పొడిని రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్నం సగం రాత్రి సగం, భోజనంలోనే కలిపి ఇచ్చారు. పరగడుపు చక్కెర తగ్గింది, 24 గంటల మూత్రంలో పోయే గ్లూకోజు 54 శాతం తగ్గింది, చెడ్డ కొలెస్టరాల్ కూడా తగ్గింది.

కారణం కూడా చాలావరకు తెలిసిందే. నానబెట్టిన మెంతులను వేళ్లతో నలిపితే తగిలే జిగట గెలాక్టోమన్నన్ అనే పీచు. అది కడుపులో చిక్కటి జావలా మారి, తిన్నది పేగులోకి దిగే వేగాన్ని, గ్లూకోజు రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. గింజలో 4-హైడ్రాక్సీ ఐసోల్యూసిన్ అనే అరుదైన అమైనో ఆమ్లం కూడా ఉంది, చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడే అది ఇన్సులిన్ స్రావాన్ని పెంచుతుందని ఫ్రాన్సులో 1998లో చూపారు. ప్రధానమైన పని పీచుదే కనుక మెంతుల విషయంలో చిటికెడు మోతాదుకు చోటు లేదు. సంస్థ తరువాత మధుమేహ రోగులకు సూచించిన మోతాదు రోజుకు 25 నుంచి 50 గ్రాములు. పరగడుపున అర చెంచా మెంతులు మింగి ఊరుకునే వాడుకకు ఈ పరిశోధన సాక్ష్యం పలకదు. వంద గ్రాముల మెంతి పొడిని రోజూ తినడం ఎంతమందికి సాధ్యమన్నది వేరే ప్రశ్న. పది రోజుల పరీక్ష దానికి జవాబు చెప్పడానికి ఉద్దేశించినది కాదు.

వేగిస, పొడపత్రి, కాకర

వేగిసను కూడా మనుషుల్లో పరీక్షించారు, అదీ భారత వైద్య పరిశోధన మండలే పూనుకుని. ఆయుర్వేదంలో విజయసారగా పేరుపొందిన ఈ చెట్టు సారాన్ని కొత్తగా మధుమేహం బయటపడ్డవారికి నాలుగు కేంద్రాల్లో ఇచ్చి, 12 వారాల్లో 97 మందిలో 67 మందికి చక్కెర అదుపులోకి వచ్చిందని 1998లో ప్రకటించారు. వారిలో ఎక్కువమందికి రోజుకు 2 గ్రాములు సరిపోయింది. ఈ 69 శాతం అంకె ఆ తరువాత ప్రకటనలకు ఎక్కింది. అయితే ఆ పరీక్షలో పోలిక గుంపు లేదు. జబ్బు ఉందని కొత్తగా తెలిసిన మనిషి ఆ వారమే చక్కెర మానేస్తాడు, అన్నం తగ్గిస్తాడు, పొద్దున నడక మొదలుపెడతాడు. చక్కెర బాగా పెరిగి ఉన్న రోజున ఆసుపత్రికి వచ్చినవారికి తరువాతి కొలత కొంత తగ్గి ఉండటం గణాంక సహజం కూడా. వీటన్నిటినీ తీసివేయకుండా మందు వంతు ఎంతో చెప్పలేము. మండలికి ఆ సంగతి తెలియక కాదు: తరువాతి పరీక్షను టోల్‌బ్యూటమైడ్ అనే పాత మాత్రతో పోల్చి, ఎవరు ఏది తీసుకుంటున్నారో రోగికీ వైద్యుడికీ తెలియని డబుల్ బ్లైండ్ పద్ధతిలో జరిపి 2005లో వెలువరించింది. అది సరైన దిశలో వేసిన అడుగు. వేగిస చెక్కతో చేసిన గ్లాసులో రాత్రంతా నీళ్లు పోసి ఉంచి, గోధుమ రంగు తిరిగిన ఆ నీటిని తాగే అలవాటుకు మాత్రం ఈ రెండు పరీక్షల్లో ఏదీ వర్తించదు. గ్లాసు పాతబడేకొద్దీ చెక్కలోంచి దిగే పదార్థం తగ్గిపోతుంది, మోతాదు అన్న మాటకే అక్కడ అర్థం లేదు.

పొడపత్రికి ఉన్న ఒక గుణానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక ఆకు బాగా నమిలి, నోరు పుక్కిలించి, పంచదార నోట్లో వేసుకుంటే కాసేపు ఇసుక నమిలినట్టే ఉంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకానికి అడ్డుపడటమే కారణం. ఆ పదార్థానికి డేవిడ్ హూపర్ 1887లో పేరుపెట్టాడు, అది గ్రాహకంలో ఏ భాగానికి అతుక్కుంటుందో జపాను శాస్త్రజ్ఞులు 2014లో చూపారు. మనిషిలో ఇంత బలంగా కనిపించే ఈ ప్రభావం ఎలుక జాతి జంతువుల్లో దాదాపు కనబడదు, ఒక జంతువు ఫలితాన్ని మరో జంతువుకు అంటగట్టరాదనడానికి ఇంతకన్నా సూటి రుజువు అక్కర్లేదు. నాలుక మీద తీపి పోవడం రక్తంలో చక్కెర పోవడం కాదన్నది కూడా తరచుగా మరుగున పడుతుంది. మద్రాసులో రెండో రకం రోగులు 22 మందికి మామూలు మాత్రలతో పాటు రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారం ఏడాదిన్నరకు పైగా ఇచ్చినప్పుడు ఐదుగురు మాత్రలు మానగలిగారని 1990లో రాశారు. ఆశ పుట్టించే ఫలితమే, కానీ 22 మంది చాలా తక్కువ, ఎవరు ఏది తీసుకుంటున్నారో అందరికీ తెలుసు. ఇన్నేళ్లలో దాన్ని పెద్ద ఎత్తున మళ్లీ చేసి చూడకపోవడమే ఆ ఫలితం మీద వచ్చిన అసలు విమర్శ. కాకర సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు: నాలుగు పరీక్షల్లో 479 మంది వివరాలను పరిశీలించిన 2012 నాటి కాక్రేన్ సమీక్ష, రెండో రకం మధుమేహానికి దాన్ని మందుగా సిఫార్సు చేయడానికి ఆధారం చాలదని తేల్చింది. కూరగా తినడానికి ఆ తీర్పుతో నిమిత్తం లేదు.

మొక్క మాత్రగా మారినప్పుడు

మొక్కల నుంచి మధుమేహానికి మందులు రాలేదనుకుంటే పొరపాటు. నేడు సర్కారు దవాఖానాల్లో షుగరు రోగికి మొదట రాసే మెట్‌ఫార్మిన్ కథ ఐరోపా పచ్చికబయళ్లలోని గలేగా అనే మొక్కతో మొదలవుతుంది. దానిలోని గలేజిన్ చక్కెరను తగ్గించింది, కానీ విషపూరితమైనది. రసాయన శాస్త్రజ్ఞులు అదే కుటుంబానికి చెందిన, శరీరం తట్టుకోగల అణువులను కల్పించాక, వాటిలో మెట్‌ఫార్మిన్‌ను ఎంచి 1957లో పారిస్ వైద్యుడు జాఁ స్టెర్న్ రోగుల మీద వాడిన ఫలితాలు ప్రకటించాడు. ఆపిల్ చెట్టు వేరు బెరడులో 1835లోనే దొరికిన ఫ్లోరిజిన్ మూత్రం గుండా గ్లూకోజును పోగొడుతుందని ఆ శతాబ్దంలోనే తెలిసింది. అయితే అది పేగులోనే విడిపోయి రక్తంలోకి చేరదు. దాని ఆకారాన్ని మార్చి తయారుచేసిన డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు రావడానికి మరో నూటపాతికేళ్లకు పైగా పట్టింది. రెండు సందర్భాల్లోనూ మొక్క ఇచ్చింది మందును కాదు, మందు ఎలా ఉండాలో చెప్పే ఆనవాలును.

అణువును విడదీయకుండా సారంగానే మందు తేదలచినవారికి 2015 నవంబరులో కేంద్ర ప్రభుత్వం వేరే దారి తెరిచింది. ఫైటోఫార్మాస్యూటికల్ అన్న కొత్త తరగతి కింద, శుద్ధి చేసిన సారంలో కనీసం నాలుగు రసాయనాలను పేరుపెట్టి, పాళ్లు కొలిచి చూపితే, ఆపైన భద్రత, మనుషుల్లో పరీక్షలు మామూలు మందులకు మల్లే జరిపితే అనుమతి వస్తుంది. మనుషుల మీద జరిపే ప్రతి ఔషధ పరీక్షనూ ముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది కనుక, అనుకూలంగా రాని ఫలితాన్ని చడీచప్పుడు లేకుండా పక్కన పడేయడం కూడా ఇదివరకంత సులువు కాదు.

వీటన్నిటి మధ్యా బస్టాండు గోడల మీద, సెల్‌ఫోన్లలో షుగరును శాశ్వతంగా మాయం చేస్తామన్న ప్రకటనలు కనిపిస్తూనే ఉంటాయి. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించడాన్నే 1954 నాటి మందుల, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. ఆ చట్టం షెడ్యూలులో ఈ జబ్బు పేరు ఉంది. అటువంటి పొడులు నిజంగా చక్కెరను తగ్గించినప్పుడు ఇంకా జాగ్రత్తపడాలి, ఎందుకంటే మూలికల మందుల్లో గ్లిబెంక్లమైడ్, ఫెన్‌ఫార్మిన్ వంటి మాత్రలను రహస్యంగా కలిపిన సంఘటనలు వివిధ దేశాల్లో పట్టుబడ్డాయి. ఇప్పటికే మాత్రలు వేసుకుంటున్న మనిషి అటువంటి పొడి మింగితే చక్కెర ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. మొదటి రకం మధుమేహం ఉన్నవారు ఏ మూలికను నమ్మి ఇన్సులిన్ ఆపినా కొద్ది రోజుల్లోనే రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి వస్తుంది. ఇందులో వాదానికి తావు లేదు.

బెల్లంపల్లి వంటి చోటికి మాత్రమే ప్రత్యేకించి వర్తించే ఒక పరీక్ష ఉంది. గని తవ్వి పోసిన మట్టి కుప్పల మీద, ఇక్కడి బొగ్గు గనులు నడిపే సింగరేణి సంస్థ మొక్కలు నాటించింది, బొగ్గు లారీలు తిరిగే దారుల పక్కన పొదలు, తీగలు వాటంతట అవే పెరుగుతాయి. బొగ్గులో, దానితో పాటు వచ్చే రాతిలో ఆర్సెనిక్, సీసం వంటి లోహాలు కొద్ది పాళ్లలో ఉంటాయి. మొక్క వేరు ఏ నేలలో ఉంటే ఆ నేలలోని లోహాలను కొంత పీల్చుకుంటుంది, ఆకు మీద పడిన దుమ్ము సారంలోకి దిగుతుంది. భారతీయ ఆయుర్వేద ప్రమాణాల ప్రకారం మూలికా మందులో సీసం పది లక్షల భాగాలకు 10 భాగాలు, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 మించకూడదు. ఏళ్ల తరబడి రోజూ తీసుకునే మందులో ఈ కొలతలు ఎందుకు ముఖ్యమో, మధుమేహం ముందుగా దెబ్బతీసే అవయవాల్లో మూత్రపిండాలు ఉన్నాయని, సీసమూ కాడ్మియమూ దాడి చేసేది వాటి మీదేనని గుర్తుచేసుకుంటే అర్థమవుతుంది. అందుకే ఈ ప్రాంతంలో ఆకు సేకరించే పరిశోధకుడు హెర్బేరియం అట్ట మీద ఊరి పేరుతో పాటు గనికి, మట్టి కుప్పకు, లారీల దారికి ఎంత దూరంలో ఆ తీగ దొరికిందో కూడా రాయవలసి ఉంటుంది.